అంబులెన్స్‌లో చీటీ ఎవరి పేరున తీయాలి? పారామెడిసిన్ సొంత పరిశోధన రంగం కావడం వెనుక లెక్కలు

ఇంగ్లండ్‌లో నాలుగు అంబులెన్స్ సర్వీసులు కలిసి నడిపిన ఎయిర్‌వేస్-2 అనే క్లినికల్ ట్రయల్ ఫలితాలు 2018లో 'జామా' పత్రికలో వచ్చాయి. ఆసుపత్రి బయట గుండె ఆగిపోయినవాళ్లకు శ్వాసనాళంలోకి ట్యూబు వేయడం మేలా, లేక ఐ-జెల్ అనే మెత్తటి పరికరాన్ని గొంతులో కూర్చోబెడితే సరిపోతుందా అన్నది ప్రశ్న. మామూలు ట్రయల్‌లో అయితే ఏ రోగికి ఏ చికిత్సో లాటరీ వేసి తేలుస్తారు. ఇక్కడ చీటీ రోగుల పేరున తీయలేదు, అంబులెన్స్‌లో వెళ్లి చికిత్స చేసే పారామెడిక్‌ల పేరున తీశారు. 1,523 మంది పారామెడిక్‌లలో కొందరిది ట్యూబు జట్టు, మిగతావాళ్లది ఐ-జెల్ జట్టు. ట్రయల్ నడిచినన్నాళ్లూ ఎవరి పద్ధతి వాళ్లదే. అలా 9,296 మంది రోగులు లెక్కలోకి వచ్చారు.

ఎందుకిలా చేశారో అర్థమైతే పారామెడిసిన్‌ను విడి పరిశోధన రంగంగా గుర్తించాలన్న వాదనలో సగం అర్థమైనట్టే. నడి ఇంట్లో మనిషి పడి ఉన్నాడు. వెళ్లింది ఇద్దరు, చేతిలో ఒక కిట్టు. ట్యూబు వేయడానికి గొంతులోకి చూసే లారింగోస్కోపు తీయాలా, ఐ-జెల్ సైజు చూసుకోవాలా అన్నది గుమ్మం దాటకముందే తెలిసి ఉండాలి. రోగి రోగికీ పద్ధతి మార్చమంటే ఇంకో చిక్కు కూడా ఉంది. లావుపాటి మెడ, వాంతితో నిండిన నోరు కనిపించగానే చెయ్యి తనకు అలవాటైన పనివైపే పోతుంది, లాటరీ ఏం చెప్పినా సరే. కాబట్టి మనిషినే ఒక జట్టుకు కట్టేశారు.

దీనికి చెల్లించాల్సిన మూల్యం లెక్కల్లో కనిపిస్తుంది. ఒకే పారామెడిక్ చూసిన రోగుల ఫలితాలు కొంత ఒకే తీరున ఉంటాయి, ఎందుకంటే చెయ్యి అదే, ఏరియా అదే, చేర్చే ఆసుపత్రీ అదే. అందువల్ల ఆరుగురు రోగులు ఆరుగురి విలువ చేయరు. ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రం చిన్నదే: ఒక్కొక్కరు చూసే సగటు రోగుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, దాన్ని ఐసీసీ అనే పోలిక కొలతతో గుణించి, ఒకటి కలపాలి. పై ట్రయల్‌లో సగటున ఒక్కో పారామెడిక్‌కు 6.1 రోగులు. ఐసీసీ 0.05 అనుకుంటే 1 + 5.1 × 0.05, అంటే దాదాపు 1.26. మామూలు ట్రయల్‌కు వెయ్యిమంది చాలనుకున్న చోట దీనికి 1,260 మంది కావాలి. ఈ గుణకం మరిచిపోయి నమూనా లెక్క వేసుకున్న ప్రాజెక్టులు చివరకు 'తేడా కనిపించలేదు' అని ముగుస్తాయి. అది తేడా లేకపోవడం వల్లా, చూసే శక్తి లేకపోవడం వల్లా అన్నది ఎవరికీ తేలదు.

ఇంకో గొయ్యి ఏమిటంటే, తన జట్టేదో పారామెడిక్‌కు ముందే తెలుసు. అలాంటప్పుడు 'ఈ కేసు ట్రయల్‌లో వేద్దామా వద్దా' అన్న నిర్ణయం అతనికి వదిలేస్తే మొత్తం లాటరీ వృథా. అర్హత ఉన్న ప్రతి రోగినీ తనంతట తానే చేరిపోయేలా పెట్టి, కంట్రోల్ రూమ్ రికార్డుతో సరిచూస్తేనే దీన్ని తప్పించుకోగలం. ఇంతకీ ఎయిర్‌వేస్-2లో తేలిందేమిటంటే, మెదడు పనితీరు బాగా నిలిచి బయటపడ్డవాళ్లు ఐ-జెల్ జట్టులో 6.4 శాతం, ట్యూబు జట్టులో 6.8 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు ప్రయత్నాల్లోపు ఊపిరి అందించగలిగింది మాత్రం ఐ-జెల్‌తో 87.4 శాతం మందికి, ట్యూబుతో 79 శాతం మందికి.

ఇదే రోగం, ఇవే రోడ్లు, కానీ వేరే ప్రశ్న అయితే చీటీ మళ్లీ మారిపోతుంది. ఛాతీని యంత్రంతో నొక్కే ల్యూకాస్ పరికరాన్ని పరీక్షించిన 'పారామెడిక్' అనే పేరున్న ట్రయల్‌లో (లాన్సెట్, 2015) లాటరీ బండ్లకు వేశారు. యంత్రం ఉండేది బండిలో కదా, మనిషి వెంట కాదు. 4,471 మంది రోగుల్లో 30 రోజులు బతికినవాళ్లు యంత్రం బండ్లలో 6 శాతం, మామూలు బండ్లలో 7 శాతం. గుండె ఆగినప్పుడు ఇచ్చే ఎడ్రినలిన్ మందును పరీక్షించిన 'పారామెడిక్2' ట్రయల్‌లో (న్యూ ఇంగ్లండ్ జర్నల్, 2018) మాత్రం చీటీ పెట్టెలో పెట్టారు. బయటికి అన్నీ ఒకేలా కనిపించే ప్యాకులు, లోపల ముందే నింపిన సిరంజిలు. కొన్ని ప్యాకుల్లో 1 మిల్లీగ్రాము ఎడ్రినలిన్, కొన్నింటిలో ఉత్త సెలైన్. ప్యాకు తెరవడమే లాటరీ. మందును దాచిపెట్టవచ్చు గనక ఇది కుదిరింది. ట్యూబును, యంత్రాన్ని దాచలేం.

ఆ ట్రయల్ ఫలితం గురించి కూడా ఒక మాట. 8,014 మందిలో 30 రోజులు బతికినవాళ్లు ఎడ్రినలిన్‌తో 3.2 శాతం, సెలైన్‌తో 2.4 శాతం. మందు గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ బతికినవాళ్లలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు ఎడ్రినలిన్ వైపు 31 శాతం, సెలైన్ వైపు 17.8 శాతం. తన పని తాను చేసుకోగల స్థితిలో బయటపడ్డవాళ్లు 2.2, 1.9 శాతం, అంటే గణాంకపరంగా తేడా లేదు. దశాబ్దాలుగా ప్రతి అంబులెన్స్ వాడుతున్న మందు మీద ఈ ప్రశ్న ఆసుపత్రి లోపల కూర్చుని తేల్చగలిగేది కాదు.

స్పృహ లేనివాళ్ల సంతకం ఎలా తీసుకోవాలన్నది మరో ముడి. బ్రిటన్ చట్టం ఇలాంటి అత్యవసర పరిశోధనకు ముందస్తు అంగీకారం లేకుండా చేర్చుకోనిస్తుంది, కాకపోతే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి, బతికిన రోగికో బంధువుకో తర్వాత చెప్పాలి. పారామెడిక్2 వాళ్లు ఇంకో అడుగు వేసి, వద్దనుకున్నవాళ్లు అడిగితే 'నో స్టడీ' అని చెక్కిన స్టీలు కడియం పంపారు. పారామెడిక్ మణికట్టు చూసి అది ఉంటే ట్రయల్ ప్యాకు ముట్టకూడదు. ఇలాంటి ఏర్పాటు వార్డులో పరిశోధన చేసేవాళ్లకు తట్టదు, తట్టాల్సిన అవసరమూ రాదు.

సున్నా ఎక్కడ మొదలవుతుంది

ఆసుపత్రి లెక్కలో సమయం గేటు దగ్గర మొదలవుతుంది. అంబులెన్స్ లెక్కలో ఫోను మోగినప్పుడో, మనిషి పడిపోయినప్పుడో మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య చనిపోయినవాళ్లు ఆసుపత్రి పరిశోధనలో అసలు పుట్టనేలేదు. లెక్క తెలియడానికి ఒక ఊహాజిల్లా తీసుకుందాం. గుండె ఆగిన కేసులకు 108 వెళ్లింది 100 సార్లు. సీపీఆర్ చేసింది 60 మందికి. నాడి తిరిగొచ్చి ఆసుపత్రి చేరింది 15 మంది. నడిచి ఇంటికి వెళ్లింది 5 మంది. ఆసుపత్రి తన పేపర్‌లో 33 శాతం బతికారని రాస్తుంది. సీపీఆర్ చేసినవాళ్లలో చూస్తే 8.3 శాతం. వెళ్లిన కేసులన్నింట్లో 5 శాతం. మూడూ నిజమే, మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. ఈ గందరగోళం తీర్చడానికే 1990లో నార్వేలోని ఉట్‌స్టైన్ అనే పాత మఠంలో నిపుణులు కూర్చుని, గుండె ఆగిన కేసులను ఏ హారంతో, ఏ వరుసలో రాయాలో ఒక నమూనా తయారుచేశారు. ఇవాళ ఆ నమూనా ప్రకారం రాయని పేపర్‌ను ఈ రంగంలో ఎవరూ లెక్కచేయరు.

ఇంతవరకూ చెప్పినవన్నీ గుండె ఆగిన కేసులే. నిజానికి అంబులెన్స్ పనిలో అవి చిన్న వాటా. జారిపడ్డ ముసలివాళ్లు, షుగరు పడిపోయినవాళ్లు, ఆయాసం, మానసిక సంక్షోభం, 'ఆసుపత్రికి తీసుకెళ్లాలా, ఇంట్లోనే వదిలిరావచ్చా' అన్న నిర్ణయం... వీటి మీద పరిశోధన పలచన. కారణం సులువు. గుండె డాక్టర్లకు గుండె మీద ఆసక్తి, ట్రామా సర్జన్లకు రక్తస్రావం మీద ఆసక్తి. వదిలిరావడమనే నిర్ణయం ఏ స్పెషాలిటీదీ కాదు. దాన్ని తమ ప్రశ్నగా పట్టుకునేవాళ్లు పారామెడిక్‌లే కావాలి.

అలా పట్టుకుంటే ఎంత తేడా వస్తుందో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో కనిపించింది. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్న రోగి ఆయాసపడుతుంటే ఆక్సిజన్ పూర్తిగా తెరిచి పెట్టడం అంబులెన్సుల్లో పాత అలవాటు. 405 మందితో జరిగిన ట్రయల్‌లో (బీఎంజే, 2010) ఒక జట్టు పారామెడిక్‌లు ఆ పద్ధతే పాటించారు, ఇంకో జట్టు ఆక్సిజన్ సాచురేషన్ 88 నుంచి 92 శాతం మధ్యే ఉండేలా కొలిచి ఇచ్చింది. మరణాలు మొదటి జట్టులో 9 శాతం, రెండో జట్టులో 4 శాతం. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు; ఉన్న నాబ్‌ను తక్కువ తిప్పడమే.

కోడ్ పెద్దమనుషుల గొడవ కాదు

పరిశోధనకు డబ్బు అడిగే దరఖాస్తులో, పీహెచ్‌డీ నమోదులో, యూనివర్సిటీ ఏటా పంపే లెక్కల్లో ఒక గడి ఉంటుంది: రంగం పేరు లేదా కోడ్. ఆ గడిని బట్టే ప్రతిపాదనను ఎవరు చదివి మార్కులు వేయాలో తేలుతుంది. ఏ రంగంలో ఎన్ని పేపర్లు, ఎంత ఖర్చు అన్న లెక్కలూ దాని మీదే తీస్తారు. గడిలో లేని రంగానికి లెక్కలూ ఉండవు.

అంతర్జాతీయంగా చాలా దేశాలు ఆధారపడే ఓఈసీడీ వర్గీకరణ చూడండి. 2007లో సవరించిన జాబితాలో ఎమర్జెన్సీ మెడిసిన్ క్లినికల్ మెడిసిన్ కింద 3.2లో ఉంది. నర్సింగ్ హెల్త్ సైన్సెస్ కింద 3.3లో ఉంది. పారామెడిసిన్ పేరు దేని కిందా లేదు. యునెస్కో విద్యారంగాల వర్గీకరణలో అంబులెన్స్ చదువు 0914లో ఉంది, ఎక్స్‌రే, ల్యాబ్ టెక్నాలజీల పక్కన. అమెరికా కోర్సుల కోడ్ 51.0904లో ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), పారామెడిక్ ఒకే గాటన ఉన్నాయి. బ్రిటన్ యూనివర్సిటీల పరిశోధనను తూచే రెఫ్ 2021లో ఇది మూడో విభాగంలోకి వెళ్తుంది. అక్కడ దంతవైద్యం, నర్సింగ్, ఫార్మసీ, మిగతా అనుబంధ వృత్తులన్నీ కలిసి కూర్చుంటాయి.

పక్క రంగం రివ్యూయర్ చేతిలో ప్రతిపాదన పడితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. రోగి సంతకం ముందే ఎందుకు తీసుకోరు అంటాడు. రోగులకే లాటరీ వేస్తే నమూనా తగ్గుతుంది కదా అంటాడు. ఆసుపత్రి చేరాక కొలవండి అంటాడు. మూడూ తెలివైన ప్రశ్నలే, మూడూ ఈ పనికి సరిపోనివే. ఇక వెతకడం ఇంకో తలనొప్పి. పేపర్ల డేటాబేస్‌లో 'పారామెడికల్' అని కొడితే ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు కుప్పలుగా వస్తారు. పని జరగాలంటే అంబులెన్స్, ప్రీహాస్పిటల్, అవుట్ ఆఫ్ హాస్పిటల్, ఈఎంఎస్, పారామెడిక్ అన్న ఐదింటినీ 'లేదా'తో కలిపి కొట్టాలి. ప్రీహాస్పిటల్‌ను హైఫన్‌తోనూ, లేకుండానూ రెండుసార్లు రాయాలి. ఒక్కటి వదిలినా సమీక్షలో రంధ్రం పడుతుంది.

గుర్తింపు వచ్చిన వరుస

ఎక్కడా ముందు కోడ్ రాలేదు. ముందు వృత్తి పేరుకు చట్టరక్షణ, తర్వాత డిగ్రీ, తర్వాత పీహెచ్‌డీలు, పత్రికలు, ప్రొఫెసర్ పదవులు... కోడ్ చిట్టచివర. బ్రిటన్‌లో 2000 నుంచి పారామెడిక్‌లకు రిజిస్ట్రేషన్ ఉంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్‌లోకి తెచ్చే కోర్సుల కనీస స్థాయి ఆనర్స్ డిగ్రీ అయింది. ఆస్ట్రేలియాలో వరుస కొంచెం తిరగబడింది. చార్లెస్ స్టర్ట్ యూనివర్సిటీ 1994లోనే డిగ్రీ మొదలుపెట్టినా జాతీయ రిజిస్ట్రేషన్ 2018 డిసెంబర్ 1న గానీ రాలేదు. ఈలోగా డిగ్రీలు పీహెచ్‌డీలను కన్నాయి. పారామెడిసిన్ అంటే ఏమిటో పలు దేశాల నిపుణులను విడతలుగా అడిగి ఏకాభిప్రాయానికి తెచ్చిన డెల్ఫీ అధ్యయనం 2021లో వచ్చింది. అందులో అత్యవసర సేవతో పాటు ప్రాథమిక వైద్యం, బోధన, ప్రజారోగ్యం, పరిశోధన కూడా పారామెడిక్ పనిలో భాగమే అన్నారు. నిర్వచనం ముందు రాసుకోకుండా కోడ్ అడిగితే వర్గీకరణ సంఘాలు వినవు. హద్దు ఎక్కడో, పక్క రంగంతో ఎంత కలుస్తుందో చూపించమంటాయి.

ఎదుటివాదం కూడా గట్టిదే. రంగం చిన్నది, అందరూ అందరికీ తెలిసినవాళ్లే. ఒకరి పేపర్ ఒకరు చూసుకుంటూ ఒకరినొకరు ఉటంకించుకుంటే నాణ్యత ఎవరు కాపలా కాస్తారు? పైన చెప్పిన పెద్ద ట్రయల్స్‌కు ముందుండి నడిపినవాళ్లలో డాక్టర్లే ఎక్కువ, వాళ్లు లేకుండా అవి జరిగేవా? డిగ్రీ పెంచితే చదివినవాళ్లు బండి దిగి వేరే ఉద్యోగాలకు పోరా? మొదటిదానికి జవాబు పూర్తిగా లేదు. కొన్నేళ్లపాటు బయటి గణాంక నిపుణులను రివ్యూలో తప్పనిసరి చేయడమే మార్గం. మిగతా రెండూ నర్సింగ్ ఒకప్పుడు ఎదుర్కొన్నవే.

మన దగ్గర ముడి ఎక్కడుంది

108 సేవ హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. అంటే తెలుగు నేల మీద రెండు దశాబ్దాల పీసీఆర్‌లు, అదే పేషెంట్ కేర్ రికార్డులు, పోగుపడ్డాయి. బండిలో ఈఎంటీ, పైలట్ అని పిలిచే డ్రైవరు, ఫోన్‌లో సలహా ఇచ్చే ఈఆర్‌సీపీ డాక్టర్; ఈ ముగ్గురి మధ్య పనివిభజన బయటి దేశాల నమూనాలకు అచ్చంగా సరిపోదు కూడా. ఇక్కడి ప్రశ్నలకు బ్రిటన్ జవాబులు అరువు తెచ్చుకోలేం.

చట్టం 2021లో వచ్చింది. నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పది వర్గాలుగా వృత్తులను జాబితా చేసింది. ట్రామా, బర్న్ కేర్, సర్జరీ, అనస్థీషియా టెక్నాలజీల వర్గంలో అడ్వాన్స్ కేర్ పారామెడిక్, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ అని రెండు విడి పేర్లు ఉన్నాయి. అంతర్జాతీయ వృత్తుల జాబితా ఐఎస్‌సీఓ-08లోనూ ఈ చీలిక ఉంది: అడ్వాన్స్‌డ్ పారామెడిక్ 2240 కింద, ప్రొఫెషనల్స్ వరుసలో, అంబులెన్స్ వర్కర్ 3258 కింద, టెక్నీషియన్ల వరుసలో.

అసలు కీలకం చట్టంలోని నిర్వచనాల్లో దాగి ఉంది. 'అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్' అంటే రోగనిర్ధారణకు, చికిత్సకు తోడ్పడే సాంకేతిక పనులు చేసేవాడు. రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల డిప్లొమా లేదా డిగ్రీ. 'హెల్త్‌కేర్ ప్రొఫెషనల్' అంటే అధ్యయనం చేసే, సలహా ఇచ్చే, పరిశోధన చేసే, పర్యవేక్షించే, సేవ అందించే వ్యక్తి; మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల డిగ్రీ. పరిశోధన అన్న మాట రెండో నిర్వచనంలో ఉంది, మొదటిదాంట్లో లేదు. కాబట్టి మన ఈఎంటీ కోర్సు ఈ గీతకు ఏ పక్కన పడుతుందన్నది జీతం ప్రశ్న మాత్రమే కాదు. సిలబస్‌లో గణాంకశాస్త్రం, ఎథిక్స్, డిసర్టేషన్ ఉండాలా వద్దా అన్నది కూడా దాంతోనే తేలుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ దాదాపు లేదనే చెప్పాలి. పారామెడికల్ అంటే ఇప్పటికీ డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) అడ్మిషన్లే.

చట్టం ఎలా ఉన్నా, రేపు ఒక విద్యార్థి 108 డేటాతో థీసిస్ రాయాలంటే ముందు కాలు జారేది రికార్డుల కలయిక దగ్గర. పీసీఆర్ ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోతుంది, కేస్‌షీట్ గేటు లోపల మొదలవుతుంది, రెండింటికీ ఉమ్మడి నంబరు ఉండదు. 48 గంటల తర్వాత ఫోన్ చేసి రోగి ఎలా ఉన్నాడో కనుక్కునే పద్ధతి 108లో ఉంది, మంచిదే. కానీ ఉట్‌స్టైన్ నమూనా డిశ్చార్జి లేదా 30 రోజులు అడుగుతుంది. పైగా ఫోన్ ఎత్తనివాళ్లలో చనిపోయినవాళ్ల కుటుంబాలు ఎక్కువ ఉండవచ్చు. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు రెండు చోట్లా రాస్తే లంకె సులువు. స్పృహలేని రోగికి అది దొరకదు గనక పీసీఆర్ నంబరును క్యాజువాల్టీ రిజిస్టర్‌లో ఒక గడిగా రాయించుకోవడం తక్షణం చేయగలిగింది. ఒక్క ఆసుపత్రిలో, ఒక్క గడి.

తర్వాతిది గడియారాలు. కాల్ వచ్చింది, బండికి చెప్పింది, బండి కదిలింది, చోటికి చేరింది, రోగి పక్కకు చేరింది, అక్కడి నుంచి బయల్దేరింది, ఆసుపత్రి చేరింది, అప్పగించింది: ఎనిమిది సమయాలు. నాలుగోదాన్నీ ఐదోదాన్నీ కలిపేస్తే అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు కేసులో పోయిన నిమిషాలు మాయమవుతాయి. కాల్ సమయం కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌ది, గుండెకు ఇచ్చిన మొదటి షాక్ సమయం ఆ షాక్ ఇచ్చే యంత్రం డీఫిబ్రిలేటర్‌ది, రోగి పక్కకు చేరిన సమయం ఈఎంటీ ఫోన్‌ది. డీఫిబ్రిలేటర్ గడియారం మూడు నిమిషాలు వెనుక ఉందనుకోండి, రోగి పక్కకు చేరిన నిమిషానికే షాక్ ఇచ్చిన కేసులో తేడా మైనస్ రెండు నిమిషాలు వస్తుంది. ఎక్సెల్‌లో మైనస్ చూడగానే తప్పు డేటా అని ఆ వరుస తీసేయడం విద్యార్థులకు అలవాటు. అలా తీసేస్తే పోయేవి అన్నింటికన్నా వేగంగా షాక్ అందిన కేసులే, బతికే అవకాశం ఎక్కువున్నవే. నెమ్మది కేసులు మాత్రం పట్టికలో మిగులుతాయి, వాటి నిమిషాలూ తప్పే అయినా ప్లస్‌లోనే ఉన్నాయి గనక ఎవరూ అనుమానించరు. ఇలా చేయకుండా, షిఫ్టు మొదట్లో కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి వాళ్ల సమయం అడిగి, అదే క్షణంలో డీఫిబ్రిలేటర్ తెర మీద ఉన్న సమయంతో పాటు లాగ్‌బుక్‌లో రాసుకోవాలి. విశ్లేషణలో ఆ తేడాను ఆ రోజు ఆ బండి కేసులన్నింటికీ సరిచేయాలి, మైనస్ వచ్చినవాటికే కాదు.